డబ్బా మార్చిన గోలీ

పటాన్‌చెరు పారిశ్రామికవాడ దగ్గర ఓ ఇరుకు గది. అందులో నలుగురు కుర్రాళ్లు. సెకండ్‌ షిఫ్టు చేసొచ్చిన ఒకతను మిగతావాళ్లు నిద్రపోయేదాకా ఆగుతాడు. బీ కాంప్లెక్స్‌ అని రాసున్న డబ్బాలోంచి ఒక గోలీ తీసి గుటుక్కున మింగుతాడు. అది హెచ్‌ఐవీ మందు. ఎవరైనా చూస్తారేమోనని డబ్బా మార్చాడు.

ఈ కుర్రాడు మన ఊహలోని మనిషే. అతని భయం మాత్రం చాలామందికి అనుభవమే.

అతను మోస్తున్న రహస్యాలు రెండు. ఒకటి హెచ్‌ఐవీ. రెండోది, తనకు మగవాళ్ల మీదే మనసు పోతుందన్న సంగతి. మొదటిది చెబితే ‘ఎలా వచ్చింది?’ అని అడుగుతారు. రెండోదీ చెప్పాల్సి వస్తుంది. అందుకే నారాయణఖేడ్‌ దగ్గరి పల్లెలో అమ్మానాన్నలు సంబంధాలు చూస్తుంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాడు.

నిజానికి ఈ మందుకూ ఆ ప్రాంతానికీ దగ్గరి చుట్టరికముంది. హైదరాబాద్‌ కేంద్రంగా పనిచేసే హెటిరో, అరబిందో వంటి కంపెనీలు తయారుచేసిన చౌక హెచ్‌ఐవీ మందులు ఆఫ్రికా దేశాల దాకా వెళ్లాయి. ఆ కంపెనీలకు సంగారెడ్డి జిల్లాలోనూ ఫ్యాక్టరీలున్నాయి. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్‌ 1 నుంచి ఈ మందుల్ని ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 కణాల లెక్కతో పనిలేకుండా, వైరస్‌ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకు ఒక్క గోలీ చాలు.

సున్నా అంటే సున్నా!

క్రమం తప్పకుండా మందు వాడితే సాధారణంగా ఆరు నెలల్లో రక్తంలోని వైరస్‌ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, అదే స్థాయిలో నిలిచినవారి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదు. 2019లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వచ్చిన పార్ట్‌నర్‌-2 అధ్యయనం దీన్ని గే జంటల్లోనే తేల్చింది. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందు వాడుతున్న 782 జంటలను ఐరోపాలో గమనించారు. కండోమ్‌ లేకుండా 76 వేలకు పైగా కలయికలు జరిగినా, భాగస్వామి నుంచి వైరస్‌ సోకినవారు ఒక్కరూ లేరు.

అలాగని కండోమ్‌ పక్కన పడేయమని కాదు. సిఫిలిస్‌, గనేరియాలను ఈ గోలీ ఆపలేదు. కండోమ్‌తో కొబ్బరినూనె వాడితే రబ్బరు దెబ్బతిని చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్‌ వాడాలి. గొంతులో, మలద్వారంలో వచ్చే సుఖవ్యాధులు చాలాసార్లు పైకి కనిపించవు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెబితేనే సరైన పరీక్షలు జరుగుతాయి. హెపటైటిస్‌-బి టీకా గురించీ అడగాలి.

మనసు కుంగితే...

‘ఇక నాకు ప్రేమా లేదు, తోడూ లేదు’ అన్న దిగులు మొదలైతే గోలీ మీదా పట్టు తప్పుతుంది. ఒకరోజు మరిచిపోవడం, మరోరోజు మందు కొట్టి పడుకోవడం, ఆపైన మానేయడం. వైరస్‌ మళ్లీ పెరుగుతుంది. ఒక్కోసారి ఆ మందుకు లొంగకుండానూ పోతుంది. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఉత్సాహం లేకపోతే ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలర్‌కో, మానసిక వైద్యుడికో చెప్పాలి.

మగవాళ్లను ఇష్టపడటం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అది నేరం కాదంది. ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్సలను వృత్తిపరమైన తప్పుగా జాతీయ వైద్య కమిషన్‌ 2022లో ప్రకటించింది. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అనుకోవడం అబ్బాయికే కాదు, ఏమీ తెలియకుండా వచ్చే ఆ అమ్మాయికీ అన్యాయమే.

ఉద్యోగం పోతుందన్న భయానికీ చట్టంలో జవాబుంది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, హెచ్‌ఐవీ ఉందన్న వివక్షతో ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. ఉద్యోగం ఇవ్వడానికి ఈ పరీక్షను షరతుగా పెట్టకూడదు. వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి.

ఇక మిగిలింది ఇల్లు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా ఈ వైరస్‌ రాదు. కొడుకు నోరు విప్పిన రోజున ‘ఎలా వచ్చింది?’ అని నిలదీయకుండా వినగలిగితే, ఇంట్లోవాళ్లు సగం వైద్యం చేసినట్టే. ఆ తర్వాత రోజూ ఫోన్లో అడిగే ‘తిన్నవా బిడ్డా?’ పక్కన ఇంకో మాట చేరిస్తే చాలు... ‘గోలీ ఏసుకున్నవా?’ ఆ ఒక్క మాటతో అతనికి డబ్బా మార్చే అవసరం తీరిపోతుంది.

(హెచ్‌ఐవీ సలహాలకు 1097, మానసిక సాయానికి టెలి మానస్‌ 14416. రెండూ ఉచితమే.)