ఎందుకు? ఎలా? – నూనె నిండుగా ఉన్నా మోటారు కూత పెడితే?

సముద్రపు ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగాడు: "మా నాన్న పడవకు వెనక మోటారు ఉంది. నూనె తగ్గితే అది కూత పెడుతుంది. కాని ఇప్పుడు నూనె డబ్బా నిండుగా ఉన్నా కూత పెడుతున్నది. మా బాబాయి, ఆ తీగ కత్తిరిస్తే సరి, అంటున్నాడు. కత్తిరించవచ్చునా?"

కత్తిరించకూడదు, బాబూ. ఎందుకో చెబుతాను. పిల్లలూ, మీరూ వినండి.

పాత స్కూటర్లకు పెట్రోలుతోపాటు కాస్త నూనె కూడా పోయించటం మీ తాతయ్యలకు గుర్తుంటుంది. ఈ పడవ మోటారు కూడా ఆ జాతిదే. దీన్ని టూ స్ట్రోక్ మోటారు అంటారు. కారు ఇంజను అడుగున నూనె నిలవ ఉండి, భాగాలన్నిటికీ అందుతూ ఉంటుంది. టూ స్ట్రోక్ మోటారులో అలా నిలవ ఉంచటానికి వీలు లేదు. ఆ చోటుగుండానే పెట్రోలూ, గాలీ పోవాలి. అందుచేత నూనె కూడా వాటితో కలిసి లోపలికి వెళ్ళి, భాగాలను తడిపి, చివరకు కాలిపోతుంది. చాలా మోటార్లలో 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె కలుపుతారు. అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు.

1980ల నుంచి కొన్ని మోటార్లకు నూనె డబ్బా వేరే పెట్టారు. ఒక పంపు కావలసినంత నూనెను తానే అందిస్తుంది. కలిపే శ్రమ తప్పింది. కాని డబ్బా ఖాళీ ఐతే తెలిసేదెలా? అందుకే కూత ఏర్పాటు చేశారు.

వలకు కట్టే బెండు నీళ్ళ మీద తేలటం మీకు తెలుసు. నూనె డబ్బాలో కూడా అలాంటి బెండు ఒకటి ఉంటుంది. చాలావాటిలో దానికి ఒక అయస్కాంతం అమర్చి ఉంటుంది. నూనె తగ్గినకొద్దీ బెండు దిగుతుంది. అది బాగా కిందికి వచ్చేసరికి, అయస్కాంతం అక్కడి చిన్న స్విచ్చిలో రెండు రేకులను కలుపుతుంది. వెంటనే కూత వినిపిస్తుంది. కొన్ని మోటార్లు కూతతోపాటు తమ వేగం కూడా తగ్గించుకుంటాయి.

మరి డబ్బా నిండుగా ఉంటే కూత ఎందుకు? ముందు మోటారు ఆపి, వరసగా చూడాలి.

మొదటిది: కూత నూనె కోసమేనా? చాలా మోటార్లు వేడెక్కినా కూత పెడతాయి. నడిచే మోటారు వెనకనుంచి సన్నని నీటిధార వస్తూ ఉండాలి. అది ఆగిపోతే, నీళ్ళు పీల్చే రంధ్రానికి నాచో, ప్లాస్టిక్ సంచో అడ్డుపడి ఉండవచ్చు.

రెండవది: కొన్ని మోటార్లకు రెండు నూనె డబ్బాలు ఉంటాయి. పెద్దది పడవలో, చిన్నది మోటారు మీద. పెద్దది నిండుగా ఉన్నా, మధ్య గొట్టం మడత పడినా, వడపోత జల్లెడ పూడినా చిన్నదానికి నూనె అందదు. అప్పుడు కూత నిజమే చెబుతున్నది!

మూడవది: డబ్బాలో నీళ్ళు చేరాయా? నీళ్ళు నూనె కన్న బరువు గనక అడుగుకు చేరతాయి. నూనె తీసుకునే దారి సాధారణంగా అడుగునే ఉంటుంది. పైకి చూస్తే డబ్బా నిండుగానే ఉంటుంది, మోటారుకు మాత్రం నీళ్ళు పోతాయి. అడుగునూనె కొంచెం గాజుసీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే తెలిసిపోతుంది.

ఇవేవీ కాకపోతే అప్పుడు బెండును అనుమానించాలి. దాన్ని బయటికి తీసి, జిడ్డు తుడిచి, చేత్తో పైకి ఎత్తితే కూత ఆగాలి. కిందికి దించితే మళ్ళీ రావాలి. ఎత్తినా ఆగకపోతే స్విచ్చి చెడిపోయి ఉండవచ్చు. లేదా ఉప్పుగాలికి పాడైన తీగ ఎక్కడో ఇనుముకు తగులుతూ ఉండవచ్చు. అప్పుడు మెకానిక్కు చూపించి బాగుచేయించాలి.

తీగ కత్తిరిస్తే ఏమవుతుంది? ఆ రోజుకు ఏమీ కాకపోవచ్చు. కాని నూనె నిజంగా అందని రోజున పిస్టను సిలిండరును ఒరుసుకుని, వేడికి ఉబ్బి, పట్టేస్తుంది. ఒడ్డు కనిపించని చోట మోటారు ఆగిపోతే, పడవ గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

సముద్రం మీద ఉండగా నూనె పంపు మీద అనుమానం వస్తే, పెట్రోలులోనే పైన చెప్పిన పాళ్ళలో నూనె కలిపి, నెమ్మదిగా ఒడ్డుకు రావచ్చు. అందుకని ఎప్పుడూ ఒక సీసా నూనె పడవలో ఉంచుకోవటం మంచిది.

ఇంకొక మాట. చాలా మోటార్లు తాళం తిప్పగానే ఒక్కసారి కూసి ఊరుకుంటాయి. కూత బాగానే ఉన్నదని దానికి అర్థం. బాబూ, రేపు మీ నాన్న తాళం తిప్పేటప్పుడు చెవి ఒగ్గి విను. అలా కూసే మోటారు ఒకనాడు కూయకపోతే, వేటకు బయలుదేరకముందే ఆయనకు చెప్పు.