స్టాప్‌వాచీ పోలీసులు

టూర్ ద ఫ్రాన్స్ జరిగే ఆ మూడు వారాలూ కొంతమందికి పూనకం వస్తుంది. చేతిలో ఒక స్టాప్‌వాచీ, కంప్యూటర్లో ఒక ఎక్సెల్ షీటు. ఎవడైనా కొండ మీద కాస్త గట్టిగా తొక్కాడో లేదో, పాతికేళ్ళ కిందటి మందురాయుళ్ళ టైములు తీసి పక్కన పెట్టేస్తారు (మన మందు కాదు లెండి, రక్తంలో ఎర్రకణాలు పెంచే మందు). "చూశారా, డోపింగు చేసినవాడికన్నా వీడు మూడు నిమిషాలు ముందెక్కాడు, ఇంకేం సాక్ష్యం కావాలి?" అని తీర్పు చదివేస్తారు. నాకు సైకిలు రేసులంటే ఇష్టం, లెక్కలంటే ఇంకా ఇష్టం. అందుకే ఈ తీర్పులు చూస్తే ఒళ్ళు మండుతుంది.

ముందు వాళ్ళ వైపు ఉన్న బలం ఏమిటో చెప్పాలి. పిరెనీస్ కొండల్లో ప్లాటో ద బెయ్ అని ఒకటుంది. 15.8 కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 7.9 శాతం వాలు. 1998లో ఇటలీవాడు మార్కో పంతానీ దాన్ని 43 నిమిషాల చిల్లరలో ఎక్కాడు. ఆ రికార్డు కొట్టడం 26 ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. 2024 జులైలో స్లొవేనియా కుర్రాడు తడేయ్ పొగాచర్ దాదాపు 40 నిమిషాల్లో ఎక్కేశాడు. అతని వెనక 68 సెకన్లకి వచ్చిన డెన్మార్కువాడు యోనస్ వింగెగార్డ్ కూడా పంతానీ టైముని దాటేశాడు. మరి ఈ పంతానీ ఏమన్నా శుద్ధపూసా? 1999లో రక్తంలో ఎర్రకణాల వాటా 52 శాతం ఉందని (పరిమితి 50) జీరో ద ఇటాలియా మధ్యలోంచి ఇంటికి పంపేశారు. 1998 టూర్ నాటి అతని మూత్రాన్ని తర్వాత పరీక్షిస్తే ఈపీఓ మందు కనబడిందని 2013లో ఫ్రెంచి సెనేట్ నివేదిక బయటపెట్టింది. అలాంటివాడి టైముని ఇంత తేడాతో కొడితే అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. నాకూ వచ్చింది.

అనుమానం దాకా నాకేం పేచీ లేదు. అక్కణ్ణించి రుజువు దాకా ఒక్క గెంతులో దూకేస్తారు చూడండి, అక్కడే నా గోల.

అసలు లెక్క ఎలా వేస్తారో చూద్దాం. గంటకి ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాడో తీసుకుంటారు. వాలు శాతాన్ని పదితో గుణించి 200 కలుపుతారు. దీనితో దాన్ని భాగిస్తే కిలో బరువుకి ఎన్ని వాట్లు తొక్కాడో వస్తుంది. బెయ్ కొండకి మీరే వేసుకోండి. మొత్తం ఎత్తు 1248 మీటర్లు, భాగించాల్సింది 279తో. పంతానీకి సుమారు 6.2 వస్తుంది, పొగాచర్‌కి సుమారు 6.7. అంటే 8 శాతం తేడా. భలే సులువుగా ఉంది కదా? ఇంతకీ ఈ సూత్రం ఎవరిదనుకున్నారు? డాక్టర్ మికేలె ఫెరారీ అనే మహానుభావుడిది. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గారి ఆస్థాన వైద్యుడు. 2012లో అమెరికా డోపింగు నిరోధక సంస్థ ఈయన్ని జన్మంతా ఆటల దరిదాపుల్లోకి రావద్దంది. దొంగల్ని తూచడానికి తెచ్చిన తక్కెడ దొంగ ఇంట్లోదే అన్నమాట :)

అలాగని సూత్రం తప్పనటం లేదు, పనికొచ్చేదే. కానీ అందులో గాలి లేదు.

65 కిలోల మనిషి, సైకిలూ బట్టలూ కలిపి 8 కిలోలు అనుకుందాం. బెయ్ కొండని 40 నిమిషాల్లో ఎక్కాలంటే గంటకి 23.7 కిలోమీటర్ల వేగం. భూమి కిందికి లాగుతుంటే పైకి పోవడానికే 370 వాట్లు. టైర్ల రాపిడికి ఇంకో 15 నుంచి 20. గాలిని చీల్చుకుపోవడానికి సుమారు 50. ఇప్పుడు వెనకనించి గంటకి 7 కిలోమీటర్ల గాలి వీచిందనుకోండి (గాలివాన కాదు, ఆకులు కదిలేటంత), ఆ 50 కాస్తా 25 లోపుకి పడిపోతుంది. అదే గాలి ఎదురొస్తే 80 అవుతుంది. రెంటికీ మధ్య తేడా 55 వాట్ల పైనే, అంటే మొత్తంలో 12, 13 శాతం. సరే, కొండ రోడ్డు మెలికలు తిరుగుతుంది, గాలి ఎప్పుడూ ఒకే పక్కనించి రాదు, ఇందులో సగం కొట్టేయండి. అయినా 6 శాతం మిగిలింది. మీరు ఉరి తీయబోయింది 8 శాతానికి!

ఇంకా ముందు ఎవరున్నారన్న సంగతి ఉంది. 2024లో ఆ కొండ మీద కింద నించీ వేగం పెంచింది వింగెగార్డ్ జట్టువాళ్ళు. ఆ తర్వాత దాదాపు 10 కిలోమీటర్లు ఉండగా వింగెగార్డే లంకించుకున్నాడు. పొగాచర్ అతని చక్రం పట్టుకుని కూచుని, చివరి 5 కిలోమీటర్లప్పుడు వదిలేసి పోయాడు. అంటే చాలా దూరం ఎదుటివాడి వీపు చాటున వెళ్ళాడు. టైర్లు మారాయి, రేసు మధ్యలో తినే తిండి మారింది (ఇప్పుడు గంటకి 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం లాగించేస్తున్నారు, అప్పట్లో అందులో సగం కూడా లేదు). ఇవన్నీ కలిపినా మూడు నిమిషాలు వస్తాయా అంటే రావచ్చు, రాకపోవచ్చు. ఆ లెక్క తేలకుండా తీర్పు మాత్రం ఎలా తేలింది? రెండు వేరే సర్వర్ల మీద, పాతికేళ్ళ తేడాతో నడిపిన రెండు ప్రోగ్రాముల టైములు పక్కపక్కన పెట్టి "రెండోదాంట్లో ఏదో మోసం ఉంది" అని నేనంటే కోడ్ రివ్యూలోంచి తరిమి కొడతారు.

అసలు టైములైనా సరిగ్గా ఉన్నాయా? ఆల్ప్ డ్యుయెజ్ మీద పంతానీ టైము ఒక జాబితాలో 37 నిమిషాల 35 సెకన్లు, ఇంకో జాబితాలో 36 నిమిషాల చిల్లర. ఎందుకంటే ఒకడు 14.5 కిలోమీటర్లకి వాచీ నొక్కాడు, ఇంకొకడు 13.8కి.

నాకు అన్నిటికన్నా సరదాగా అనిపించేది మళ్ళీ బెయ్ కొండ సంగతే. 2002లో, 2004లో అక్కడ గెలిచింది ఆర్మ్‌స్ట్రాంగ్. ఆ రోజుల్లో మందు కొట్టానని 2013లో టీవీలో తనే చెప్పాడు. అయినా రెండుసార్లూ పంతానీ టైము దరికి రాలేకపోయాడు. మందున్నా టైము రాలేదు మరి! అలాగే ఓటకామ్ కొండ చూడండి. 1996లో అక్కడ రికార్డు పెట్టిన బ్యార్న్ రీస్, ఈపీఓ వాడానని 2007లో ఒప్పుకున్నాడు. 2025లో పొగాచర్ అదే కొండ మీద అందర్నీ రెండు నిమిషాల పైన తేడాతో చిత్తు చేశాడు గానీ రీస్ టైము మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు స్టాప్‌వాచీ పోలీసులు చెప్పాలి. 2024లో దొంగ, 2025లో దొరా?

ఇది ఉత్త లెక్కల తగాదా అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. దీనికి రెండో వైపు ఉంది, అది ఇంకా ప్రమాదం. వేగంగా ఎక్కినవాడు దొంగ అన్నప్పుడు, మెల్లగా ఎక్కినవాడు శుభ్రం అని చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. 2010 తర్వాత కొన్నేళ్ళు వేగాలు తగ్గితే "ఆట బాగుపడింది" అని సంబరపడ్డవాళ్ళు ఎంతమందో. ఆస్ట్రియావాడు స్టెఫాన్ డెనిఫ్ల్ గుర్తున్నాడా? 2017లో వుఎల్టా రేసులో లోస్ మచూకోస్ అనే భయంకరమైన కొండ మీద గెలిచాడు. ముందే గుంపునించి విడిపోయి గెలిచాడు కాబట్టి ఎవరి ఎక్సెల్ షీటులోనూ ఎర్రరంగు పడలేదు. 2019లో ఆపరేషన్ ఆడర్లాస్‌లో పోలీసులు పట్టుకుంటే రక్తం తీయించుకుని మళ్ళీ ఎక్కించుకున్న బాగోతం బయటపడింది, గెలుపు లాగేసుకున్నారు. అతన్ని పట్టడానికి స్టాప్‌వాచీ ఎందుకూ పనికిరాదు.

అసలు పెద్ద దొంగలంతా ఎలా దొరికారు? 1998లో ఫెస్టినా జట్టు ఉద్యోగి విల్లీ వోయెట్ కారుని బెల్జియం సరిహద్దులో కస్టమ్స్ వాళ్ళు సోదా చేశారు. 2006లో స్పెయిన్ పోలీసులు డాక్టర్ ఫుయెంతెస్ దగ్గర రక్తం సంచులు పట్టుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని 2012లో ముంచింది అతని పక్కన తొక్కినవాళ్ళు ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యాలు. ఆడర్లాస్ బయటపడింది ఒక మంచు స్కీయింగు ఆటగాడు టీవీలో నోరు విప్పబట్టి. కారు, సంచి, సాక్షి, నోరు. వాచీ ఎక్కడుంది?

ఇది చదివి అవతలి గుంపు చంకలు గుద్దుకోవద్దు. "మావాడు ఒక్క టెస్టులో కూడా దొరకలేదు" అంటారు మీరు. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఏళ్ళ తరబడి అదే పాట పాడాడు. ఎవరైనా ప్రశ్న అడగ్గానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడం, అడిగినవాడికి అసూయ అనడం, ఈ సినిమా మేం చూసేశాం.

అనుమానించదల్చుకుంటే అనుమానించాల్సిన చోట్లు బోలెడున్నాయి. పొగాచర్ జట్టు నడిపే మౌరో జనెట్టి 2008లో సౌనియెర్ దువాల్ జట్టుకి పెద్ద. ఆ ఏడు టూర్‌లో ఆ జట్టు రిక్కార్దో రిక్కో పరీక్షలో దొరికిపోతే జట్టు జట్టంతా ఇంటిదారి పట్టింది. ఆ మనిషి ఇవాళ ఈ ఆటలో అతి పెద్ద జట్టు మీద ఎలా కూచున్నాడు అని అడగండి. 2024లో పొగాచర్ జట్టూ, వింగెగార్డ్ జట్టూ కార్బన్ మోనాక్సైడ్ పీల్చే యంత్రాలు వాడుతున్నాయని వార్త వచ్చింది. రక్తం ఎంత ఉందో కొలవడానికే అన్నారు. అదే వాయువుని మళ్ళీమళ్ళీ పీలిస్తే ఎర్రకణాలు పెరుగుతాయన్న అనుమానం ఉంది. 2025లో అంతర్జాతీయ సైక్లింగు సంఘం అలా మళ్ళీమళ్ళీ పీల్చడాన్ని నిషేధించింది. నిషేధానికి ముందు ఎవరెవరు ఎన్నిసార్లు పీల్చారో అడగండి. వీటికి కాయితాలుంటాయి, సమాధానం చెప్పాల్సిన మనుషులుంటారు. గాలివాటం లెక్కలకి ఎవడూ సమాధానం చెప్పక్కర్లేదు.

ఇక జట్లకి నేనడిగేది ఒకటే. ప్రతి సైకిలుకీ వాట్లు కొలిచే మీటరు ఉంది. కొండ ఎక్కిన ప్రతి సెకనూ అందులో రికార్డవుతుంది. మేం బయటినించి గాలీ బరువూ ఊహించి తంటాలు పడే అంకె వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. టూర్ అయిపోయిన ఏడాదికి ఆ ఫైళ్ళు, రేసు నాటి బరువుతో సహా, బయట పెడితే ఏం పోతుంది? పోటీ రహస్యాలంటారు. ఏడాది పాత రహస్యానికి విలువెంత? శాంపిళ్ళ సంగతికొస్తే, డోపింగు నియమాల ప్రకారం పదేళ్ళ దాకా పాతవి తీసి పరీక్షించొచ్చు. 2024 జులై శాంపిళ్ళకి గడువు 2034 జులై.