ప్రశ్న ఉపవాక్యమైనప్పుడు: మాతృభాషపై మోపిన నింద

'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి' అని విద్యార్థి అనగానే 'ఇది తెలుగు ప్రభావం' అని తీర్పు చెప్పడం మన విద్యారంగంలో పరిపాటి అయింది. ఆంగ్ల బోధకులు ఆ మాట అనడంలో ఆశ్చర్యం లేదు. తెలుగు వాక్యనిర్మాణాన్ని పరిశీలించడం వారి పని కాదు. అది పనిగా గల తెలుగు శాఖలు కూడా ఆ తీర్పును విచారణ లేకుండా అంగీకరించడమే విచారకరం. ఈ తీర్పుకు తెలుగు వ్యాకరణంలో ఆధారం లేదనీ, పైగా తెలుగు వ్యాకరణమే దానికి ప్రతికూల సాక్ష్యమనీ ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను.

ముందుగా ఆంగ్లంలోని వ్యవస్థను చూద్దాం. స్వతంత్ర ప్రశ్నలో క్రియ కర్తకు ముందుకు వస్తుంది: 'వేర్ ఈజ్ హి?' అదే ప్రశ్న మరొక క్రియకు ఉపవాక్యమైతే ఆ మార్పు రద్దవుతుంది: 'ఐ నో వేర్ హి ఈజ్.' అయితే అన్ని క్రియలూ ఇటువంటి ఉపవాక్యాన్ని స్వీకరించవు. 'వండర్' నిత్యవ్యవహారంలో ప్రశ్నను కోరుతుంది. 'బిలీవ్' ప్రశ్నను సహించదు, 'దట్'తో మొదలయ్యే నిశ్చయవాక్యాన్నే తీసుకొంటుంది. 'నో', 'టెల్', 'రిమెంబర్' రెండింటినీ స్వీకరిస్తాయి. ఉపవాక్యాల ఎంపిక క్రియల పదకోశ లక్షణాలపై ఎట్లా ఆధారపడుతుందో 1979లో జేన్ గ్రిమ్‌షా చర్చించారు. అంటే ఇక్కడ ప్రశ్న ఒక్క పదక్రమానిది కాదు. ఏ క్రియ ఎటువంటి అర్థాన్ని కోరుతుందన్నది అసలు విషయం.

ఈ దృష్టితో తెలుగును పరిశీలిస్తే రెండు నిర్మాణాలు కనిపిస్తాయి. ఒకటి 'అని'తో ఏర్పడేది: 'వాడు ఎక్కడున్నాడు అని అడిగింది.' రెండవది 'ఓ' ప్రత్యయంతో ఏర్పడేది: 'వాడు ఎక్కడున్నాడో తెలుసు.' ఈ రెండూ పరస్పరం మార్చుకోదగినవి కావు. 'అడుగు' రెండింటినీ అంగీకరిస్తుంది: 'ఎందుకు వచ్చావు అని అడిగాడు', 'ఎందుకు వచ్చాడో అడుగు.' 'తెలుసు' మాత్రం 'ఓ' రూపాన్నే కోరుతుంది. 'వాడు వచ్చాడా అని నాకు తెలుసు' అని తెలుగువాడెవడూ అనడు. 'వచ్చాడో లేదో నాకు తెలుసు' అంటాడు. ఇక 'నమ్ము' ఆంగ్లంలోని 'బిలీవ్' వలెనే ప్రశ్నను తోసిపుచ్చుతుంది. 'ఎవరు వచ్చారో నమ్ముతున్నాను' అన్నది వాక్యమే కాదు. కారణం స్పష్టం. అడగడం ప్రశ్నించే చర్య, కనుక ప్రశ్న ప్రశ్నగానే దాని కింద నిలువగలదు. తెలిసి ఉండడం జవాబుకు సంబంధించినది, కనుక అక్కడ ప్రశ్న రూపం మార్చుకోవాలి.

ఇప్పుడు నిందను పరీక్షిద్దాం. తెలుగులో కర్త, క్రియల స్థానాలు ప్రశ్నలో తారుమారు కావు. 'వాడు ఎక్కడున్నాడు?' అన్నప్పుడైనా 'వాడు ఎక్కడున్నాడో' అన్నప్పుడైనా కర్త ముందు, క్రియ చివర. ఈ క్రమమే ఆంగ్లంలోకి ప్రవేశిస్తే పుట్టవలసినది 'వేర్ హి ఈజ్' అన్న రూపం. అది స్వతంత్ర ప్రశ్నగా దోషమే కాని, ఉపవాక్యంగా నిర్దుష్టం. 'వేర్ యు ఆర్ గోయింగ్?' అనే విద్యార్థిపై తెలుగు ప్రభావం ఉందంటే ఒప్పుకోవచ్చు. కాని క్రియను ముందుకు తేకపోవడానికీ తెలుగే కారణం, తేగూడని చోట తేవడానికీ తెలుగే కారణం అనడం ఎట్లా పొసగుతుంది? మధ్యలో మరొక హేతువును చూపనంతవరకు అది వివరణ కాదు, అలవాటుగా చేసే ఆరోపణ మాత్రమే.

తెలుగు నీడ సోకని చోట్ల కూడా ఈ ప్రయోగం ఉందన్న వాస్తవం ఈ ఆరోపణను మరింత బలహీనపరుస్తుంది. 'ఆస్క్ హిమ్ ఈజ్ హి కమింగ్' వంటి వాక్యాలు ఐర్లండు ఆంగ్లంలో సహజం. బెల్‌ఫాస్ట్ ఆంగ్లంలోని ఈ నిర్మాణాన్ని ఆలిసన్ హెన్రీ 1995 నాటి గ్రంథంలో వర్ణించారు. ఆఫ్రికన్ అమెరికన్ ఆంగ్లంలోనూ ఇది ప్రసిద్ధం. ఐర్లండు ఆంగ్లాన్ని పరిశీలించిన జేమ్స్ మెక్‌క్లాస్కీ 2006లో ఒక ముఖ్యమైన భేదాన్ని చూపారు. అక్కడ 'వండర్', 'ఆస్క్' వంటి క్రియల తరువాత తారుమారు చెల్లుతుంది. తెలిసి ఉండడాన్ని నిశ్చయంగా చెప్పే 'నో' వంటి క్రియల తరువాత చెల్లదు. తెలుగులో 'అని', 'ఓ'ల మధ్య ఉన్న సరిహద్దు సరిగ్గా ఈ అర్థభేదం మీదుగానే సాగుతున్నది. బంధుత్వం లేని రెండు భాషారూపాలు ఒకే భేదాన్ని వేర్వేరు సాధనాలతో పాటిస్తున్నాయి. మన భాష సిద్ధాంతచర్చకు అందించగల ఇటువంటి సాక్ష్యాన్ని మనం దోషాల పట్టికలో పడవేశాము.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. తెలుగులో ప్రశ్న స్వతంత్రమైనా ఉపవాక్యమైనా పదక్రమం ఒక్కటే కనుక, 'రెండు చోట్లా ఒకే క్రమం' అన్న సూత్రాన్నే విద్యార్థి ఆంగ్లానికి అన్వయిస్తున్నాడని అనవచ్చు. కాని 'తెలుసు' ముందు తెలుగు ప్రశ్న 'ఓ' లేకుండా నిలవదు. స్వతంత్ర ప్రశ్నకూ ఉపవాక్యానికీ రూపభేదం ఉండాలని నేర్పుతున్నది మాతృభాషే. 'అని' నిర్మాణం ప్రభావం చూపుతుందని అనుకొన్నా, తారుమారు 'ఆస్క్' తరువాత ఎక్కువగా, 'నో' తరువాత తక్కువగా కనిపించాలి. పదే పదే ఉదాహరించే దోషం 'నో' తరువాతిదే కావడం గమనార్హం. 'వాట్ ఈజ్', 'వేర్ ఈజ్' అన్న జంటలను చిన్న తరగతులలో విడదీయరాని ముక్కలుగా వల్లె వేయించే బోధనలో దీని మూలాన్ని వెదకడం ఎక్కువ సమంజసం. అప్పుడు ఆ దోషం ఆంగ్ల సూత్రాన్నే అతిగా వర్తింపజేయడం అవుతుంది.

ఇది పరీక్షకు నిలబడవలసిన ప్రతిపాదనే. తెలుగు మాధ్యమ, ఆంగ్ల మాధ్యమ విద్యార్థుల వాక్యాలను సేకరించి, క్రియల వారీగా విభజించి చూస్తే నిజం తేలుతుంది. ఆ పని ఆంగ్ల శాఖ ఒక్కటే చేయలేదు. 'అడుగు', 'తెలుసు'ల మధ్య భేదం ఎరిగిన వారు అందులో భాగస్వాములు కావాలి. 1975లో చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' వెలువరించి మన వాక్యనిర్మాణాన్ని ఆధునిక దృష్టితో చూడడం నేర్పారు. ఆ దారిలో నడవవలసిన మనం, మన విద్యార్థి తప్పుకు మన భాషను బాధ్యురాలిని చేస్తుంటే మౌనంగా ఉండడం తగదు. నింద మోపిన వారు ముందుగా ఆధారం చూపాలి. ఆ ఆధారాన్ని పరీక్షించే బాధ్యత మాత్రం మనది.