ఒక సైకిలుకు రెండు జతల చక్రాలు

పిల్లలూ! కిందటి నెల ఒక ఆదివారం పొద్దున నేను వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. మా పక్కింటి అమ్మాయి సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నది.

"తాతయ్యా, మీతో పని ఉంది. లెక్కల పని కాదు, చక్రాల పని," అన్నది.

"చక్రం ఉన్నచోట లెక్క లేకుండా ఎలా ఉంటుందమ్మా? కూర్చో," అన్నాను.

ముందు ఆ సైకిలు సంగతి మీకు చెప్పాలి. దానిని గ్రావెల్ బైకు అంటారు. గ్రావెల్ అంటే కంకర. హ్యాండిలు పందెపు సైకిలుకు మల్లే కిందికి వంగి ఉంటుంది; టైర్లు మాత్రం లావు, బ్రేకులు డిస్కు బ్రేకులు. మన సికిందరాబాదు చుట్టూ ఉన్నది రాతినేల. గ్రానైటు రాయి ఎంతో కాలం ఎండకూ వానకూ చివికి మొరం అవుతుంది. శామీర్‌పేట చెరువు వైపు పల్లెలకు పోయే మొరం బాటల మీద ఈ సైకిలు హాయిగా సాగుతుంది.

"కాని తాతయ్యా, తిరుమలగిరి దాటి కరీంనగరు రోడ్డు పట్టుకుంటే ఈ లావు టైర్లు గుయ్యిమని మోగుతూ ఈడ్చుకుంటూ వస్తాయి. తారురోడ్డుకు వేరే చక్రాలు ఉంటే, ఏ రోజుకు కావలసినవి ఆ రోజు బిగించుకోవచ్చు. ఒకాయన వాడిన జత అమ్ముతున్నాడు. పదకొండు వేలు. సాయంత్రంలోగా చెప్పమన్నాడు," అన్నది.

రెండేళ్ళుగా చిన్నపిల్లలకు ట్యూషను చెప్పి ఆ అమ్మాయి కూడబెట్టినది సరిగ్గా అంతే. అది పోతే మళ్ళీ రెండేళ్ళు. అందుకని ఆమెకు మొదట నా బుద్ధితక్కువ కథ ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక నల్ల సైకిలు ఉండేది. ఒకనాడు టైరు చిరిగిపోతే, "28 అంగుళాల టైరు ఇవ్వు" అని అడిగి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి ఎంత లాగినా అది రిమ్ము ఎక్కదు! సంగతేమిటంటే, 28 అని పిలిచే టైర్లు ఒక రకం కాదు. నా రిమ్ము మీద టైరు అంచు కూర్చునేచోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. నేను తెచ్చిన టైరుది 622. తేడా 13 మిల్లీమీటర్లే, కాని ఇనుప తీగ ఉన్న అంచు అంతమాత్రమూ సాగదు. మర్నాడు పరీక్ష. ప్రశ్నపత్రాల బీరువా తాళంచెవి నా జేబులో ఉంది. ఆరు కిలోమీటర్లు పరుగూ నడకా కలిపి వెళ్ళేసరికి పిల్లలంతా చెట్టుకింద కూర్చుని నా దారి చూస్తున్నారు. లెక్కలు చెప్పే మాస్టరు కొలవకుండా కొన్నందుకు వచ్చిన ఫలితం అది.

"కనుక ముందు కొలుద్దాం," అన్నాను.

ఆమె టైరు పక్కన 40–622 అని ఉంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఆమె కొనబోయే చక్రాలకు ఉన్న టైరు 28–622. రిమ్ము వ్యాసం ఒకటే గనక ఆ పరీక్ష గట్టెక్కింది. ఇక చుట్టుకొలత. లావు టైరు వ్యాసం 622కు రెండు నలభైలు కలిపితే 702. దానిని 22తో గుణించి 7తో భాగిస్తే సుమారు 2206. సన్న టైరుకు 678 వ్యాసం, 2131 చుట్టుకొలత. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే ఏడున్నర సెంటీమీటర్ల తేడా! చక్రం తిరిగిన లెక్కతో దూరం చెప్పే మీటరు సైకిలుకు ఉంటే, చక్రాలు మార్చినప్పుడల్లా ఆ మీటరులో కొలత మార్చాలి. లేకపోతే 25 కిలోమీటర్లు పోయిన అమ్మాయికి అది దాదాపు 26 అని పొగడ్తగా చెబుతుంది.

"సన్న టైరు తేలికగా పోయేది సన్నగా ఉన్నందుకేనా?" అని అడిగింది.

చాలామంది అలాగే అనుకుంటారు. చూడండి: అమ్మాయీ సైకిలూ కలిసి 60 కిలోలనుకుందాం. అందులో వెనక చక్రం మీద 36 పడతాయి. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు 2 కిలోల చొప్పున తోస్తుంటే, 36 కిలోలు మొయ్యడానికి 18 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలకు ఆనాలి. 4 కిలోల చొప్పున తోస్తే 9 చాలు. టైరు గోడ కూడా కొంత మోస్తుంది గనక ఇది సుమారు లెక్క. ఆనినచోట రబ్బరు అణుగుతుంది, దాటగానే లేస్తుంది. అలా అణిగి లేచేటప్పుడు మన కాళ్ళ శక్తి కొంత వేడిగా మారి పోతుంది. మొరం బాటకోసం బుడిపెలు పెట్టిన మందపు టైరులో ఈ నష్టం ఎక్కువ; నున్నని పలచని టైరులో తక్కువ. అలాగని గాలి మరీ గట్టిగా కొడితే గతుకు గతుకుకూ బండి ఎగిరిపడి, ఆ శక్తి మరో దారిన పోతుంది.

గాలి నింపిన టైరు పుట్టింది కూడా గతుకుల బాధ వల్లనే. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ దానికి పేటెంటు తీసుకున్నాడు గాని, అప్పుడు ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1880ల చివరలో బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల బండికోసం మళ్ళీ తయారుచేశాడు. అప్పటినుంచి అది లోకమంతా పాకింది.

సాయంత్రం ఇద్దరమూ స్కేలు పట్టుకుని ఆ చక్రాలు చూడబోయాం. చూడవలసినవి ఒక కాగితం మీద రాసుకున్నాం.

మొదటిది ఇరుసు. ఆమె సైకిలుకు 12 మిల్లీమీటర్ల లావు ఇరుసు హబ్బుగుండా దూరిపోతుంది. హబ్బు వెడల్పు ముందు 100, వెనక 142.

రెండవది వెనక హబ్బు మీద పళ్ళచక్రాలు ఎక్కే భాగం. సాధారణంగా 11 పళ్ళతో మొదలయ్యే వరుసకు ఒక రకం, 10 పళ్ళతో మొదలయ్యే దానికి వేరొక రకం ఉంటుంది. ఎన్ని పళ్ళచక్రాల గేరు ఉన్నదో, కొత్త చక్రానికీ అన్నే ఉండాలి.

మూడవది డిస్కు. పాత డిస్కు వ్యాసం 160 అయితే కొత్తదీ 160 ఉండాలి. బిగించే పద్ధతి హబ్బుకు సరిపోవాలి. చమురు చేతితో దానిని తాకరాదు, బ్రేకు జారుతుంది.

నాలుగవది రిమ్ము. దాని లోపలి వెడల్పుకు ఏ టైర్లు తగునో తయారుచేసినవారు చెబుతారు. కొన్ని కొత్త రిమ్ములకు టైరు అంచును పట్టుకునే కొక్కెం ఉండదు. వాటికి తగినదని రాసి ఉన్న టైరే వెయ్యాలి. గాలి 5 బార్లు, అంటే 72 పౌండ్లు దాటరాదు. టైరు మీద ఒక హద్దు, రిమ్ము మీద ఒక హద్దు ఉంటే, తక్కువదే మన హద్దు. మించితే టైరు అంచు ఊడి మనిషిని పడేస్తుంది.

అయిదవది చువ్వలు. ఒకటి తెగితే అలాంటిది మన ఊళ్ళో దొరకాలి.

ముందు చక్రానికి స్కేలు పెట్టింది. సరిగ్గా 100. అమ్మాయి ముఖం వెలిగింది. కాని ఇరుసు దూర్చబోతే దూరలేదు, రంధ్రం సన్నది. వెనక హబ్బు 135. కొన్ని హబ్బులకు చివరి మూతలు మార్చుకునే వీలుంటుంది. వీటికి అదీ లేదు. అమ్మే ఆయన మంచివాడే. "చక్రం చక్రమే కదా, పడుతుందనుకున్నానండీ," అన్నాడు.

దారిలో అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి గుమ్మం దగ్గర, "సాయంత్రం దాకా ఆగకపోతే నా రెండేళ్ళు పోయేవి తాతయ్యా," అన్నది.

ప్రస్తుతానికి ఆమె ఉన్న రిమ్ములకే తగిన నున్నని టైర్లు, 32 వెడల్పువి, ఒక జత కొన్నది. టైర్లు మార్చడానికి ఒక అరగంట పడుతుంది, అంతే. మిగిలిన సొమ్ము తపాలా ఆఫీసులో ఉంది. కొలతల కాగితం సైకిలు సంచిలో ఉంది. తగిన జత ఎదురైతే దానిని ఆ కాగితమే చెబుతుంది.

మరి మీ పని: మీ టైరు పక్కనున్న అంకెలు చదవండి. టైరు మీదా, దాని కిందనున్న నేలమీదా సుద్దతో గీత గీసి, బండిని తిన్నగా నడిపించండి. చక్రం ఒక చుట్టు తిరిగి గీత మళ్ళీ నేలకు తగిలినచోట రెండో గీత గీసి, నడిమి దూరం కొలవండి. మీ లెక్కకూ నేలమీది కొలతకూ కొంచెం తేడా వస్తుంది. మీరు ఎక్కి కూర్చుంటే ఇంకొంచెం మారుతుంది. ఎందుకో ఆలోచించండి. జవాబు ఈ పేజీలోనే ఒకచోట ఉన్నది!