జోడీ కుదిరితే ఆట కుదురుతుంది

ప్రొద్దుటూరులో బట్టల అంగడి, జమ్మలమడుగులో మందుల షాపు, పులివెందులలో ఆఫీసు... ఊరేదైనా పొద్దుపోయేదాకా కుర్చీలోనే పని. నలభై దాటేసరికి బొజ్జ, ఆ వెనకే షుగరు. ‘నడవండి’ అంటాడు డాక్టరు. నాలుగు రోజులు నడుస్తారు. ఐదోరోజు విసుగొస్తుంది. అలాంటప్పుడే ఓ స్నేహితుడు ‘షటిల్ మొదలుపెడదాం రాప్పా’ అంటాడు. ‘ఈ వయసులో నాకు ఆటలేందప్పా, నలుగురూ నవ్వుతారు’ అని రెండోవాడు వెనక్కి తగ్గుతాడు.

ఆ స్నేహితుణ్ణి ఎలా ఒప్పించాలి? వచ్చాక మధ్యలో మానకుండా ఎలా చూసుకోవాలి?

ముందు నామోషీ సంగతి. 2025లో వన్డే ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో 14 వికెట్లు తీసిన శ్రీచరణిది కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలమే. బడిలో ఆమె ఆడినవి ఖోఖో, బ్యాడ్మింటన్ వంటివి. క్రికెట్‌ను గట్టిగా పట్టుకుంది పదహారేళ్ల ప్రాయంలో. పదహారుకీ నలభైకీ పోలిక లేదు, నిజమే. కానీ ఎంత గొప్ప ఆటగాళ్లకైనా ఏమీ రాని మొదటిరోజు ఒకటి ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఇద్దరిలో ఒకరికి చెయ్యి తొందరగా తిరుగుతుంది. ఎదురెదురుగా ఆడితే రోజూ ఆయనే గెలుస్తాడు. పదిరోజులకు రెండోవాడికి అంగట్లో పని గుర్తొస్తుంది. ఆటతోపాటు స్నేహానికీ చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. అందుకే మొదటినుంచీ ఇద్దరూ వలకు ఒకే పక్క నిలబడాలి. డబుల్స్ కోర్టు వెడల్పు 20 అడుగులు. పంచుకుంటే అలుపు తక్కువ. దాడి చేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. కాచుకునేటప్పుడు పక్కపక్కన. మధ్యలో పడే షటిల్‌కు ‘నాది’ అని గట్టిగా అరవాలి. పాయింటు పోయినప్పుడు మాత్రం ‘నీవల్లే’ అనకూడదు.

ఖర్చుకు భయపడక్కర్లేదు. నేర్చుకునే రోజుల్లో ఈకల షటిల్ కన్నా నైలాన్‌ది ఎక్కువకాలం మన్నుతుంది. బూట్ల దగ్గర మాత్రం పొదుపు వద్దు. పరుగు బూట్లతో పక్కలకు కదిలితే చీలమండ మడతపడే ప్రమాదం ఎక్కువ. ఎండాకాలంలో ఎండ నలభై డిగ్రీలు దాటే సీమలో ఆట తెల్లవారుజామునే ముగియాలి. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట చాలు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టర్ని అడగాలి. ఇన్సులిన్, కొన్నిరకాల షుగరు మాత్రలు వాడేవారికి ఆటలో రక్తంలో చక్కెర పడిపోవచ్చు. వణుకు, చల్లని చెమట, తికమక కనిపిస్తే వెంటనే గ్లూకోజో చక్కెరో ఇవ్వాలి. ఛాతీ బిగపట్టినట్టుంటే ఆట ఆపి నేరుగా ఆసుపత్రికే. ఇవి ఆడేవాడికంటే పక్కనున్న జోడీకే ముందు కనిపించవచ్చు. అందుకే మందుల సంగతి ఒకరిది ఒకరికి తెలిసుండాలి.

ఇక పిలిచే తీరు. ‘నీ ఆరోగ్యం కోసం రా’ అంటే ఉపదేశంలా ఉంటుంది. ‘నాకు జోడీ లేడప్పా’ అంటే కాదనడం కష్టం. అప్పటికీ కదలకపోతే తెల్లవారి ఐదున్నరకు ఇంటిముందు బండి ఆపి హారన్ కొట్టడమే. వీధి నిద్రలేచేలోపు ఆయనే బయటికొస్తాడు.