సౌరవిద్యుత్తునకు చేనిచ్చుటకు ముందు

ఇటీవల అనంతపురము వైపు మెట్టగ్రామములలో సౌరవిద్యుత్ కంపెనీల తరఫున మనుష్యులు వచ్చి, పొలములను దీర్ఘకాలపు కౌలునకు అడుగుచున్నారు. గ్రామసభలలో వాదములు చెలరేగుచున్నవి. వాన నమ్ముకొన్న చేనికి ఏటేట రొక్కము వచ్చుచుండగా వలదనుట యేల యని కొందఱు, తాతలనాటి భూమి ఫలకముల క్రింద పడిన పిమ్మట బిడ్డలకు మిగులునదేమి యని మఱికొందఱు అనుచున్నారు. ఇరుపక్షములందును సత్యము గలదు. చాలయేండ్లుగా చేలగట్లమీద రైతులతో తిరుగుచున్న మాకు తోచిన యభిప్రాయమును ఇచ్చట విన్నవించుచున్నాము.

సూర్యునినుండి విద్యుత్తు తీయుట చెడ్డపని కాదు. బొగ్గు కాల్చుటకంటె అది మేలు. మన పంపుసెట్టులకును విద్యుత్తే ఆధారము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమలో, ఊడలు దిగువేళ వేరుసెనగ ఎండిపోవగా చూచిన రైతు, నిలకడయైన కౌలునకు ఆశపడుట తప్పుగాదు. తప్పు ఎక్కడ వచ్చుననగా, అప్పులవాడు వాకిట నిలిచిన దినమున, చదువని పత్రముపై ఒంటరిగా వ్రేలిముద్ర వేయుటలో వచ్చును. ఆకలిగొన్న పూట ఒక్క గిన్నెడు కూటికి జ్యేష్ఠత్వము నమ్ముకొనిన ఏశావు కథను మేము బాల్యమున బడిలో చదివితిమి. ఆ కథ ఏ మతమువారికైనను పనికివచ్చునదే.

మన సరిహద్దున, కర్ణాటకములోని పావగడ తాలూకాను జూడుడు. అచ్చట తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము గలవు. నేలయు వానయు మనవంటివే. అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములను, రైతులవద్ద కొనక, 28 సంవత్సరముల కౌలునకు దీసికొని, 2019 నాటికి 2,050 మెగావాట్ల కేంద్రమును పూర్తిచేసిరి. ఎకరమునకు సాలుకు 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేండ్లకొకమారు నూటికి 5 వంతున పెంచునట్లు ఒప్పందము. భూమిపై హక్కు రైతునకే మిగిలినది. ఈ పద్ధతి అమ్మకముకంటె మేలని మేమొప్పుకొందుము.

అయినను లెక్కవేసి చూడుడు. పెంపుమీద పెంపు గట్టినను, కడపటి రెండేండ్లలో ఎకరమునకు వచ్చునది సుమారు 39,600 రూపాయలు. అనగా సాలుకు నూటికి రెండున్నర వంతు మాత్రమే పెంపు. బియ్యము, ఎరువు, కూలి ధరలు అంతకంటె వేగముగా పెరిగినచో, నేడు పెద్దదిగా కనబడు సొమ్ము మనుమల కాలమునకు చిన్నదగును.

మఱియొక సంగతి. పట్టా యున్నవానికి కౌలు ముట్టును. అదే చేనిలో కలుపు తీసి బ్రదుకు కూలికి, గొఱ్ఱెలు మేపుకొను కాపరికి, నోటిమాటపై సాగుచేయు కౌలుదారునకు ముట్టునదేమియు లేదు. కావలిపని, ఫలకములు కడుగుపని కొందఱికే దొరకును. ఈ మొఱ పావగడలో వినబడినది. మన నంబులపూలకుంట సౌరకేంద్రమువద్ద, కాగితము లేక ఏండ్లతరబడి సాగుచేసినవారి పరిహారమునుగూర్చి వివాదములు వచ్చినవి. ప్రభుత్వము భూసేకరణ చేసినప్పుడు, భూమిలేక దానిపై ఆధారపడినవారిని గూడ 2013 నాటి చట్టము బాధితకుటుంబములలో చేర్చును. మనమై కౌలుపత్రము వ్రాసి యిచ్చినచోట ఆ రక్షణ వెంటరాదు. పత్రములో వ్రాయించుకొన్నదే మనకు మిగులును.

మేము హాజరైన యొక సభలో పటము పఱచి, బీడు అని గుర్తుపెట్టిన తావును చూపిరి. ఆ తావు మేమెఱిగినదే. అందు పశువులు మేయును. చెఱువునకు నీరుదెచ్చు వాగు అందుండియే పాఱును. వాన చక్కగా కురిసిన యేట కొఱ్ఱయు కందియు పండును. ఒక ముసలి గొఱ్ఱెలకాపరి లేచి, "సామీ, మా మంద పొయ్యే దోవ ఇందులో యాడుండాది?" అని అడిగెను. ఎవ్వరును బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు బదులు వచ్చువఱకు ఆ పటముపై ఏ గ్రామమును సమ్మతి తెలుపరాదని మా నిశ్చితాభిప్రాయము.

కావున మేము కోరునవి యివి. మొదటిది, నీటివసతిగల చేలను, లోతైన నల్లరేగడిని విడిచి, పైరు నిలువని రాతినేలలనే చూపవలయును. రెండవది, అమ్మకము వలదు. కౌలు మాత్రమే, అదియు ధరలననుసరించి పెరుగునట్లు ఉండవలయును. మూడవది, పైమన్నును గీచివేయరాదు, వాగులను పూడ్చరాదు, ఫలకములు కడుగుటకు ఊరి బోర్లనీటిని తోడరాదు. గడువు తీరిన పిమ్మట దిమ్మెలు పెఱికి, సేద్యమునకు తగినట్లు నేలను అప్పగింపవలయును. నాలుగవది, మందలకు దారియు, ఫలకముల నడుమ మేతహక్కును, భూమిలేనివారికి పనిలో మొదటి పాలును పత్రములో వ్రాయవలయును. జోధ్‌పూరులోని కేంద్ర శుష్కమండల పరిశోధనాసంస్థవారు ఫలకముల వరుసల నడుమ పెసర మొదలగు పైరులు పండించి చూపియున్నారు. కావున క్రింది నేల వ్యర్థము కానక్కరలేదు.

ఇవి ఒంటరిరైతు అడిగిన దొరకవు. వడ్డీవ్యాపారి యెదుట ఒంటరివాని బలము చాలకనే గదా, 1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది! నేడు కంపెనీ యెదుటను అదే న్యాయము. గుజరాతులో ఖేడాజిల్లా ఢుండి గ్రామపు రైతులు కొందఱు 2016లో సహకారసంఘముగా చేరి, తమ సౌరపంపుల విద్యుత్తులో సేద్యమునకు పోగా మిగిలినదానిని విద్యుత్ సంస్థకు అమ్ముకొనిరి. 2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పి.ఎం. కుసుమ్ పథకము, బంజరునేలలలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వఱకు కేంద్రములు పెట్టుకొనుటకు రైతులకేగాక సహకారసంఘములకును, పంచాయతీలకును అవకాశమిచ్చినది. ఒక మెగావాటుకు నాలుగైదెకరములు చాలును. ఊరి సబ్‌స్టేషను ప్రక్కన సంఘమే యిట్టిదానిని పెట్టుకొనిన, రైతు కౌలు పుచ్చుకొనువాడుగా మిగులక యజమాని యగును. పెట్టుబడి, ఋణభారము తక్కువవి కావు. వానిని ముందుగా లెక్కగట్టవలయును.

సోదరులారా! రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు. కూలీలను, కాపరులను, కౌలుదారులను గూడ పిలువుడు. పత్రమును తెలుగున చదివించి, అందఱును వినిన పిమ్మటనే సంతకము పెట్టుడు. అంతవఱకు మీ కలము మీ జేబులోనే యుండనిండని మా ప్రార్థన.