పెరటి జీవాలు: బర్సీం పాతరగడ్డి

మిల్లు పనితో పాటు నాలుగు గొర్రెలు సాకే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. వాళ్లకోసం ఈ నెల మాట.

బర్సీం ఈజిప్టు క్లోవర్. చలికాలంలో బాగా వస్తుంది, ఎండలు ముదిరితే ఉండదు. పచ్చిది ఎక్కువ మేపితే కడుపుబ్బరం. మిగిలిన కోత పాతరేస్తే వేసవిలో అక్కరకొస్తుంది.

ఇందులో మాంసకృత్తులు ఎక్కువ, చక్కెర తక్కువ, నీళ్లు నూటికి 80 పైనే. కోసింది కోసినట్టు పాతరేస్తే పులవదు, కుళ్లుతుంది. కాబట్టి వాడేదాకా ఆరబెట్టండి. పిడికిట్లో పిండితే నీరు కారకూడదు. అంగుళం ముక్కలు చేసి, 100 కిలోలకు 2-3 కిలోల బెల్లం కరిగించి చల్లండి. పొరపొరకూ తొక్కి గాలి పోగొట్టి, మూత బిగించండి. 45 రోజులు తెరవొద్దు.

ఒక్క మాట. డైయింగులో రసాయనాలు వచ్చిన డ్రమ్ములు చౌకగా దొరుకుతాయి. ఎన్నిసార్లు కడిగినా అవి వద్దు.

మంచి పాతరగడ్డికి పుల్లటి వాసన ఉంటుంది. బూజు పట్టినా, కంపు కొట్టినా పారేయండి. దాంట్లో లిస్టీరియా పెరుగుతుంది. గొర్రె తల వాల్చి గుండ్రంగా తిరుగుతుంది, చూడి గొర్రె ఈసుకుపోతుంది. వెంటనే పశువుల డాక్టరును పిలవండి. ఈసుకుపోయిన పిల్లను ఒట్టి చేత్తో ఎవరూ ముట్టొద్దు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు దగ్గరకే పోవద్దు.

మొదటి రోజు గుప్పెడే. పది రోజుల్లో మెల్లగా కిలో దాకా పెంచండి, జొన్నచొప్ప మానకండి. తీసిన ప్రతిసారీ మూత బిగించడం మరవొద్దు.